ప్లాటు అమ్మే పార్టీ జిరాక్సుల కట్ట పట్టుకొస్తే మొదట ఏం చూడాలె?

నర్సంపేట_పోరగాడు
రియల్ ఎస్టేట్ ఆఫీసు పనంటే ఫ్లెక్సీలు కట్టుడు, చాయ్ చెప్పుడు అనుకున్న. ఇప్పుడు సేటు ఫైళ్లు నా ముందల పడేసి "చూడు" అంటుండు. ఏం చూడాల్నో చెప్తలేడు. టేబుల్ మీదున్నది ఇది: పాకాల రోడ్డు దిక్కు 200 గజాల ప్లాటు, 36×50, తూర్పు ఫేసు. గ్రామ పంచాయతీ లేఅవుటు, 2009 డాక్యుమెంటు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుటు ప్లాటును రెగ్యులరైజ్ చేసే స్కీము) కట్టిన అంటుండు అమ్మేటాయన. కొనేటాయన ఆదివారం 5 లక్షలు బయానా నగదు ఇస్తా అంటుండు. నా చేతిల ఉన్నది నాలుగు జిరాక్సులు, ఒక ఈసీ (ఆ జాగ మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్). ఏ వరుసల చూడాలె? ఏది లేకపోతే బయానా ఆపాలె?

లింకు_డాక్యుమెంటు
జిరాక్సు మీద ఏ పనీ చెయ్యకు. ఒరిజినల్ టేబుల్ మీదికి వచ్చినంకనే ఫైలు తెరువు. "బీరువా తాళం పెద్దోని దగ్గరుంది" అన్నడంటే బ్యాంకులో ఉన్నదనుకొనే మొదలుపెట్టు. పోయిందంటే పోలీసు కంప్లైంటు, పేపరు ప్రకటన, సర్టిఫైడ్ కాపీ మూడూ అడుగు. ఆ సర్టిఫైడ్ కాపీ చూసి నిమ్మలపడకు, తాకట్టు లేదని అది చెప్పదు.

తర్వాత లింకు. 2009ల ఈయనకు అమ్మిందెవరు, ఆయనకు ఎట్ల వచ్చింది, అట్ల లేఅవుటు వేసిన పట్టాదారు దాంక ఎనకకు పోవాలె. ప్రతి మెట్టు మీద సర్వే నంబరు బై నంబరుతో సహా ఒక్కటే ఉండాలె. ఒక కాగితంల 214/అ, ఇంకోదాంట్ల ఉత్త 214 ఉంటే ఆడనే ఆగు. నడుమ జీపీఏ (తన తరఫున అమ్మమని ఇంకొకనికి ఇచ్చే అధికార పత్రం) ఉంటే, డాక్యుమెంటు అయిన తేదీ నాటికి జీపీఏ ఇచ్చినాయన బతికున్నడా అని అడుగు. మనిషి పోతే మామూలు జీపీఏ కూడా పోయినట్టే. ఉత్త జీపీఏ మీద సొంతం అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లనే చెప్పింది.

వారసత్వంగ వచ్చిన భూమి అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పక్కన పెట్టుకొని సంతకాలు లెక్కపెట్టు. ఆడబిడ్డల సంతకం లేని డాక్యుమెంట్లే మన దిక్కు ఎక్కువ కొట్లాటకు వస్తయి. "కట్నం ఇచ్చి పంపినం" అన్నది కోర్టుల నడవదు.

ఈసీ ఒక్కసారి తీసి ఊకోకు. ప్లాటు నంబరుతో ఒకసారి, ఉత్త సర్వే నంబరుతో ఒకసారి, డాక్యుమెంటు నంబరుతో ఒకసారి తియ్యి. పాత డాక్యుమెంట్లల్ల ఊరి పేరు ఒక తీరుగ ఎక్కిచ్చి ఉంటరు, ప్లాటు నంబరు ఎక్కియ్యనే ఎక్కియ్యరు. అది ఒక వెతుకుల దొరుకుతది, ఇంకోదాంట్ల దొరకది. ఆన్‌లైన్ల 1983 నుంచే ఉంటది, అంతకు ముందటిది కావాలంటే ఆఫీసుకు పోవుడే.

టేపు_కాకా
ఇవన్నీ మంచిగనే ఉన్నయ్ గానీ వరుస తప్పు. మొదట జాగ మీదికి పోవాలె. అర్ధగంట పని. జాగ మీద ఇంకొకని కడీలు (హద్దు రాళ్లు) పాతి ఉంటే మూడు రోజులు ఈసీలు తీసి ఏం ఫాయిదా? 30 మీటర్ల ఫైబర్ టేపు, సున్నం, నాలుగు మేకులు, దారం ఉండ. గంతే. 15 మీటర్ల గుడ్డ టేపు వద్దు, అది సాగుతది.

లింకు_డాక్యుమెంటు
@టేపు_కాకా ఏ ప్లాటు కొలుస్తరు? అమ్మేటాయన చెయ్యి చూపిచ్చిన ప్లాటే గదా. డాక్యుమెంటు షెడ్యూలుల (జాగ వివరాల పేజీ) హద్దులు చదవకుండ పోతే పక్క ప్లాటు కొలిచి వస్తరు.

టేపు_కాకా
షెడ్యూలు పేజీ ఫోటో తీస్కొని పోతరు, అంతే. 60 పేజీల కట్ట అక్కర్లేదు.

చాయ్_రెండు
తమ్మీ, వీళ్లిద్దరు తేల్చుకునే వరకు ఆదివారం అయితది. నువ్వు ఆ "మామునూర్ ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు" ఫ్లెక్సీ అయితే కట్టేసెయ్.

కేయూ_క్రాస్
10 నిమిషాలా? ఏ బండి మీద? నర్సంపేట నుంచి విమానంలనే పోవాలె.

స్టాంపు_వెండర్
ఎల్‌ఆర్‌ఎస్ "కట్టిన" అంటే ఏం కట్టిండో చూడాలి. 2020లో అందరూ కట్టింది 1000 రూపాయల అప్లికేషన్ ఫీజు. అది రసీదే, రెగ్యులరైజ్ అయినట్టు కాదు. పూర్తి ఫీజు కట్టిన చలాను, ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) కాపీ రెండూ ఉంటేనే అయినట్టు. లేఅవుటులో 10 శాతం ఖాళీ జాగా వదలలేదంటే 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కూడా పడుతుంది, పంచాయతీ లేఅవుట్లలో దాదాపు ఎవరూ వదలలేదు. ఆ బాకీ ఎవరు కడతారన్నది బయానా కాగితంలో రాయకపోతే రిజిస్ట్రేషన్ రోజు మెట్ల మీద గొడవే.

2009లోనే రిజిస్టర్ అయిన ప్లాటు కాబట్టి మళ్లీ అమ్మడానికి అడ్డం లేదు, 2020 డిసెంబర్ చివర్లో ఇచ్చిన వెసులుబాటు అదే. ఇల్లు కట్టుకునే పర్మిషన్ దగ్గర మాత్రం ఎల్‌ఆర్‌ఎస్ లేకుండా బరువు పడుతుంది. కొనేవాళ్లు అడిగేది "రిజిస్ట్రేషన్ అవుతుందా?" అని. నువ్వు చెప్పాల్సింది ఆ రెండో ముక్క కూడా.

ఇంకొకటి, అప్లికేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో కనుక్కో. అప్పట్లో మీసేవ వాళ్లో, మధ్యవర్తో తమ నంబరు ఇచ్చి ఉంటారు. ఓటీపీ వాళ్లకే పోతుంది.

శిఖం_పట్టా
పాకాల రోడ్డు అంటున్నవు గాబట్టి చెప్తున్న. కాగితాలు ఎంత తెల్లగ ఉన్నా చెరువు లెక్క వేరు. ఆ సర్వే నంబరు పాత పహాణీల (ఊరి భూముల రికార్డు) తీసి "శిఖం" (చెరువు నీళ్లు నిలిచే భూమి) అని ఉన్నదా చూడు. ఎండాకాలంల పోతే పత్తి చేను లెక్క కనపడతది, ఆగస్టుల మోకాలు దాంక నీళ్లు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగ నిండితే నీళ్లు వచ్చే హద్దు) గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న కుంటకు 9 మీటర్లు ఏం కట్టద్దు. 10 మీటర్లకు మించిన వెడల్పున్న వాగు, నాలా అయితే 9 మీటర్లు, చిన్న నాలా అయితే 2. ఎఫ్‌టీఎల్ లోపల పడ్డదానికి ఎల్‌ఆర్‌ఎస్ కూడా రాదు.

అదే రోడ్డు పట్టుకొని ఇంకా లోపటికి, కొత్తగూడ దిక్కు పోతే ఏజెన్సీ. ఆడ వన్ ఆఫ్ సెవెంటీ, అంటే గిరిజన ప్రాంతాల భూ బదిలీ చట్టం. గిరిజనేతరుడు గిరిజనేతరునికి అమ్మినా చెల్లది. "తెల్లకాగితం మీద రాసుకుందం, రేటు సగమే" అని ఫైలు వస్తది. ముట్టుకోకు.

కేయూ_క్రాస్
@శిఖం_పట్టా ఎకరాల ఫైళ్లు వస్తే? గుంటలల్ల ముక్కలు చేసి "ఫాం ప్లాట్లు" అని అమ్ముతున్నరు గదా.

శిఖం_పట్టా
అది ప్లాటు కాదు. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర. 2020 అక్టోబర్ 29 నుంచి ధరణిల, 2025 ఏప్రిల్ 14 తర్వాత భూభారతిల. పాసుబుక్కుల ఎక్కేది సర్వే నంబరు, గుంటలు. ప్లాటు నంబరు ఎక్కది. బ్రోచరుల గీసిన 30 అడుగుల రోడ్డు రికార్డుల యాడా ఉండది, అది ఇంకా ఎవలో ఒకల పట్టాలనే ఉంటది. రేపు ఆయన దున్నుకుంట అంటే ఏం చేస్తవ్? గుంటకు 121 గజాలు లెక్కగట్టి అమ్ముతరు, దాంట్లనే రోడ్డు కోసి 100 గజాలు చూపిస్తరు.

ఎకరాల ఫైలుల ఇంకో లొల్లి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువకు ఎప్పుడో పోయిన గుంటలు పాసుబుక్కుల అట్లనే ఉంటయి. కాగితం మీద 2 ఎకరాల 10 గుంటలు, కాలువ గట్టు తీసేస్తే ఎకరం 34. ఇప్పుడు మంచిర్యాల–వరంగల్–ఖమ్మం మీదంగ గ్రీన్‌ఫీల్డ్ హైవే ఒకటి. నేషనల్ హైవేస్ చట్టం కింద భూసేకరణకు ఇచ్చే త్రీ డీ నోటిఫికేషన్‌ల సర్వే నంబరు పడ్డదంటే ఆ మేరకు భూమి కేంద్రానిది అయిపోయినట్టే, పైసలు ఇంకా రాలేదన్నా సరే. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా ఒకటి చూసి ఊకోవద్దు, గెజిటుల సర్వే నంబర్లు కూడా చూడాలె.

నర్సంపేట_పోరగాడు
ఒరిజినల్ తెచ్చిండు, ఉన్నది. లింకు రెండు మెట్లు, పట్టాదారు దాంక కలిసింది. చెరువు లేదు. ఎల్‌ఆర్‌ఎస్ ఉత్త వెయ్యి రసీదే.
జాగ మీదికి పోయి కొలిచిన. రోడ్డు మీద నిలబడి చూస్తే ముందల 36, ఎనక 33, ఎడమ 50, కుడి 52. ముందల ఎనక సగటు 34.5, పక్కల సగటు 51. రెండు గుణిస్తే 1759.5, 9తో భాగిస్తే 195 గజాల 50. నాలుగున్నర గజాలే తక్కువ. నడుస్తదా?

టేపు_కాకా
క్రాస్ యాడ?

నర్సంపేట_పోరగాడు
క్రాస్ అంటే?

టేపు_కాకా
మూల నుంచి మూలకు. అది లేకుంటే నాలుగు కొలతలు ఉన్నా లేనట్టే. నాలుగు కర్రలకు మేకులు కొట్టి చట్రం చేసి ఒక దిక్కు నూకితే వంగుతదా లేదా? కర్రల పొడుగు మారదు, నడుమ జాగ తగ్గుతది. సగటు లెక్క ఆ వంకర పట్టుకోదు. సగటు ఎప్పుడైనా ఎక్కువనే చూపిస్తది గానీ తక్కువ చూపియ్యది, అందుకే అమ్మేటోళ్లకు ఆ లెక్కంటే ఇష్టం. 36×50 మూలమట్టానికి ఉంటే క్రాస్ 61 అడుగుల 7 అంగుళాలు రావాలె, రెండు దిక్కులా. మళ్ల పోయి రెండు క్రాసులు తే. టేపు కడీ నడిమిట్ల పెట్టు, కడీ అంచుకు కాదు. చెట్టు అడ్డమొస్తే టేపు వంచకు, దారం కట్టి దాని మీద పట్టు.

చాయ్_రెండు
కాకా ఆఫీసుల ఇంటర్వ్యూకు పోతే బయోడేటా అడగడు, టేపు అడుగుతడు.

నర్సంపేట_పోరగాడు
ఎడమ ముందు మూల నుంచి కుడి ఎనక మూలకు 57. రెండోది 65 అడుగుల 9 అంగుళాలు.

టేపు_కాకా
ఇగో చూడు. ప్లాటును 57 గీత మీద రెండు త్రిభుజాలు చెయ్యి.
మొదటిది 36, 52, 57. మూడు కలిపి సగం 72.5. దాంట్లకెళ్లి ఒక్కొక్క భుజం తీసేస్తే 36.5, 20.5, 15.5. నాలుగు అంకెలు గుణించి వర్గమూలం కొట్టు: 917.
రెండోది 33, 50, 57. సగం 70. మిగిలేవి 37, 20, 13. వర్గమూలం 820.6.
మొత్తం 1737.6 చదరపుటడుగులు. 9తో భాగిస్తే 193 గజాలు.
నీ సగటు లెక్క కంటే రెండున్నర గజాలు తక్కువ, కాగితం కంటే 7 తక్కువ. గజం ఆరు వేలు అనుకున్నా 42 వేలు. నీ కమీషన్ల నుంచి కట్టిస్తరు సేటు.

ఇంకోటి చూసినవా? కుడి పక్క 50 ఉండాల్సింది 52 అయింది. పొడుగు పెరిగింది, జాగ తగ్గింది. అంటే కుడి గోడ సక్కగ ఎనకకు పోలే, లోపటికి వాలి పోయింది. కుడి పక్క ప్లాటు ఎనక కొలువు. 36 కంటే ఎక్కువ వస్తది చూడు.

కేయూ_క్రాస్
అమ్మో, హైస్కూలుల ఈ లెక్క ఎందుకని మా సారును అడిగినం.

జనగామ_జంక్షన్
లెక్కలు నడుస్తుండగా బయానా సంగతి. 5 లక్షలు నగదు అన్నవు. జాగ బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవద్దు, ఆదాయపన్ను వాళ్లకు దొరికితే తీసుకున్నాయనకే అంత మొత్తం జరిమానా. చెక్కో, ఆర్టీజీఎస్సో, యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ) నంబరు కాగితంల రాయాలె. మొత్తం 50 లక్షలు ముట్టితే కొనేటాయన 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలె, అది మరిచిపోతే నోటీసు వచ్చేది కొన్నాయనకు, తిట్లు పడేది ఆఫీసుకు.

బయానా కాగితంల "సుమారు 200 గజాలు" అని రాయకు. "కొలతల ఎంత వస్తే అంతకే, గజానికి ఇంత" అని రాయి. మిగతా పైసలకు తేదీ, ఎల్‌ఆర్‌ఎస్ బాకీ ఎవరిది, ఎవరు తప్పితే ఏమవుతది, వాటాదారులందరి సంతకాలు. నోటరీ చేయించినంత మాత్రాన అది రిజిస్ట్రేషన్ కాదు, ఈసీల కనపడదు. అదే జాగ మీద ఇంకొకాయన దగ్గర కూడా బయానా తీసుకొని ఉండొచ్చు. అందుకే అమ్మేటాయనను కాదు, చుట్టుపక్కల ఇద్దరిని అడుగు, "ఇది మొన్న అమ్ముడు పోలేదా?" అని. పోతే చెప్తరు, పోకపోతే "లేదే" అంటరు.

మధ్యవర్తిగా సాక్షి సంతకం నువ్వే పెట్టు. రేపు కమీషన్ ఎగ్గొడితే నువ్వు బేరంల ఉన్నట్టు అదే రుజువు.

లింకు_డాక్యుమెంటు
సాక్షి సంతకం పెట్టకు. అగ్రిమెంటు మీద కేసు పడితే మొదటి సమను నీకే. మూడేళ్ల దాంక కేసు వేసుకునే టైం ఉంటది, ఆ తర్వాత అది ఎన్నేండ్లు నడుస్తదో ఆ కోర్టు బల్లలకే ఎరుక. కమీషన్‌కు వేరే చీటీ రాయించుకో: జాగ, రేటు, ఎంత శాతం, ఎప్పుడు. రెండు పార్టీల సంతకం.

జనగామ_జంక్షన్
చీటీ మీద సంతకం పెట్టే పార్టీ ఏ ఊర్ల ఉన్నదో చెప్పు, నేను ఆడనే ఆఫీసు పెడ్త.

స్టాంపు_వెండర్
సగం బయానా రోజు, సగం రిజిస్ట్రేషన్ రోజు. మొత్తం చివరికి పెట్టుకున్న ఆఫీసులకు చివర దొరికేది చాయ్.

కేయూ_క్రాస్
రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) లైసెన్సు లేకుండ ఇదంతా చెయ్యొచ్చా?

జనగామ_జంక్షన్
పాత ప్లాటు ఒకటి మారుబేరం వేరు, వెంచర్ల ప్లాట్లు అమ్ముడు వేరు. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటితే దానికి రెరా నంబరు కావాలె, దాంట్ల అమ్మే ఏజెంటుకూ సొంత నంబరు కావాలె. లేకుండ అమ్మితే ఏజెంటుకు రోజుకు 10 వేలు, ప్లాటు ధరల 5 శాతం దాంక పోతది. అగ్రిమెంటు లేకుండ ధరల 10 శాతం కంటే ఎక్కువ తీసుకోవద్దు. ఫ్లెక్సీ మీద నంబరు ఉండాలె. "కుడా ప్రపోజ్డ్" (కుడా అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అని రాసిన ఫ్లెక్సీ కట్టమంటే అడుగు, ఎల్‌పీ (లేఅవుటు పర్మిషన్) నంబరు ఏదీ అని. ప్రపోజల్ నేను కూడ పెట్టొచ్చు. టెంటేటివ్ (తాత్కాలిక) పర్మిషన్ వచ్చినా 15 శాతం ప్లాట్లు అథారిటీకి మార్ట్‌గేజ్‌ల ఉంటయి, ఫైనల్ వచ్చే దాంక అవి అమ్మొద్దు. ఆ ప్లాటు నంబర్లు ఎర్ర పెన్నుతో లేఅవుటు మీద కొట్టి గోడకు అంటించుకో. సేటు ఫోన్ల ఏ నంబరు చెప్పినా ముందు గోడ చూడు.

స్టాంపు_వెండర్
రిజిస్ట్రేషన్ ఖర్చు పార్టీకి ముందే చెప్పు, తర్వాత మొహం చిట్లిస్తారు. మొత్తం 7.5 శాతం: స్టాంపు 5.5, ట్రాన్స్‌ఫర్ 1.5, రిజిస్ట్రేషన్ 0.5. బేరం ధర, ప్రభుత్వ విలువ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 5 లక్షలకు లెక్క వేస్తే 27,500, 7,500, 2,500. మొత్తం 37,500. యూజర్ చార్జీలు, మ్యుటేషన్, రాసే ఖర్చు వేరు.

స్లాటు బుక్ చేసే ముందు పేర్లు చూడు. 2009 డాక్యుమెంటులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్‌లో అసలే లేదు. ఇది అక్కడ కౌంటర్ ముందు బయటపడితే స్లాటు పోయినట్టే. ముసలివాళ్ల వేలిముద్రలు అరిగి ఉంటాయి, ఆధార్ బయోమెట్రిక్ వారం ముందే అప్‌డేట్ చేయించు. డ్రాఫ్టు షెడ్యూలు నువ్వే గట్టిగా చదువు, ఇంకొకళ్లు పాత కాగితం చూస్తూ టిక్కు పెట్టాలి. రైటర్లు పాత హద్దులు కాపీ కొట్టేస్తారు. ఉత్తరం పక్క ప్లాటు చేతులు మారి పదేళ్లయినా పాత ఓనరు పేరే ఉంటుంది. ఒక అంకె తప్పు పోయినా సవరణ దస్తావేజుకు అమ్మినాయన మళ్లీ రావాలి. పైసలు ముట్టినాక ఆయన ఫోన్ ఎత్తడు.

నర్సంపేట_పోరగాడు
కాకా చెప్పినట్టే. కుడి పక్కది ఎనక 39 వచ్చింది. ఆడ బాత్రూము గోడ ఉన్నది. అమ్మేటాయన "మూడు అడుగులకు ఏముంది, 193కే పైసలు తీసుకుంట, డాక్యుమెంటు కూడ 193కే రాయిద్దాం" అంటుండు. ఒప్పుకోవచ్చా?

చాయ్_రెండు
తూర్పు ఫేసుకు కుడి ఎనక అంటే వాయువ్యం. ఈశాన్యం కోసుకపోలే, సంతోషించు. లేకుంటే బేరం వాస్తు పంతులు దగ్గరనే పోయేది.

టేపు_కాకా
193కు పైసలు తీసుకుంటుండు గదా, 193కే రాయి. ఉన్నదే అమ్మాలె.

లింకు_డాక్యుమెంటు
కాకా, ఈడ మాత్రం మీ టేపు పక్కన పెట్టుండ్రి. 193 రాస్తే మిగిలిన 7 గజాల హక్కు అమ్మినాయన పేరు మీదనే ఉండిపోతది. రేపు కొన్నాయన బాత్రూము గోడ మీద అడగబోతే, "నీ కాగితంల ఆ జాగ లేనే లేదు" అంటడు పక్కాయన. 2009ల ఉన్న కొలతలు, హద్దులు, 36×50, 200 గజాలు అట్లనే దింపాలె. ధర మాత్రం 193 లెక్కన మాట్లాడుకొని బయానా కాగితంల ఎందుకు తగ్గిందో రాసుకోవాలె. స్టాంపు నాలుగు పైసలు ఎక్కువ పడితే పడనీ.

టేపు_కాకా
హక్కు సంగతి ఒప్పుకుంట. అయితే కొనేటాయనకు "200 ఉన్నది" అని చెప్పి కాదు, "193 చేతికి వస్తది, 7 కొట్లాటల ఉన్నది" అని చెప్పి సంతకం తీస్కోవాలె. క్రాసులతో సహ స్కెచ్ గీసి కాగితానికి జోడించు.

స్టాంపు_వెండర్
అన్నిటికంటే ముందు ఆ గోడ ఎప్పుడు కట్టారో కనుక్కో. 12 ఏళ్లు దాటితే పక్కాయన "నా స్వాధీనంలోనే ఉంది" అని అడ్డం తిరుగుతాడు, అప్పుడు ఆ 7 గజాలు కాగితం మీదే. ఆయన ఇంటి కరెంటు మీటరు తేదీ, ఇంటి పన్ను మొదటి రసీదు చూస్తే తెలిసిపోతుంది.

నర్సంపేట_పోరగాడు
మీటరు 2016ల వచ్చిందట. బాత్రూము దాని తర్వాత కట్టిందని ఎదురింటి ఆమె చెప్పింది. ఆదివారం బయానా ఆపిన, రేపు పక్కాయనను ఆఫీసుకు పిలుస్తున్నం.

టేపు_కాకా
టేపు టేబుల్ మీద కనపడేట్టు పెట్టు.